కాస్‌ప్లే – ఒక నూతన ఆహార్య విద్య

అభినయం నాలుగు విధాలని భరతుడు చెప్పినాడు. ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం అనేవి ఆ నాలుగు. వీటిలో మొదటిదానికి శరీరం, రెండవదానికి వాక్కు, చివరిదానికి మనస్సు ఆధారాలు. ఆహార్యానికి మాత్రం వెలుపలి వస్తువే ఆధారం. వస్త్రం, ఆభరణం, ముఖానికి పూసే రంగు, కిరీటం, ఆయుధం మొదలైనవన్నీ ఆహార్యంలోనికే వస్తాయి. మనం నాటకం చూచి ఇంటికి తిరిగి వచ్చేటప్పుడు నటుని గొంతును మెచ్చుకుంటాము, నటనను మెచ్చుకుంటాము. కిరీటం చేసినవాని పేరు మాత్రం అడగము. అట్లా తెరవెనుకనే ఉండిపోయిన ఆహార్యాన్ని ముందుకు తెచ్చి, దానికే పోటీ పెట్టి, దానికే బహుమతి ఇచ్చే ఒక విద్య నేడు యువజనులను విశేషంగా ఆకర్షిస్తున్నది. దాని పేరు కాస్‌ప్లే.

జపాను దేశంలో తయారయ్యే బొమ్మల చలనచిత్రాలను, ధారావాహికలను అనిమే అంటారు. అక్కడి చిత్రకథల పుస్తకాలకు మాంగా అని పేరు. వీటిలోను, వీడియో ఆటలలోను కనిపించే పాత్రలలో తనకు నచ్చిన ఒకదానిని ఎన్నుకొని, ఆ పాత్ర వేషాన్ని సమకూర్చుకొని, ధరించి, ఆ పాత్రవలెనే నిలిచి నడచి చూపడం కాస్‌ప్లే. ఇందుకు వేదికగా సమ్మేళనాలు జరుగుతాయి. అక్కడ పోటీలుంటాయి, న్యాయనిర్ణేతలుంటారు. మన కళాశాలల విద్యార్థులు కూడ మిత్రులతో కలసి హైదరాబాదు వెళ్ళి ఇట్టి సమ్మేళనాలలో పాల్గొంటున్నారు. ఇది చూచి పెద్దలు, “వయసు వచ్చిన పిల్లలు బొమ్మల వేషాలు వేయడమేమిటి?” అని విస్తుపోతున్నారు. ఆ ప్రశ్న సహేతుకమైనదే. దానికి సమాధానం చెప్పవలెనంటే ఈ విద్య ఎక్కడ పుట్టినదో, ఎట్లా పెరిగినదో, పోటీలో దేనిని తూచి చూస్తారో ముందుగా తెలుసుకోవాలి.

పేరు, పుట్టుక

కాస్‌ప్లే అనేది జపానులో తయారైన మాట. ఆంగ్లంలో వేషానికి కాస్ట్యూమ్ అని, ఆటకు లేదా నటనకు ప్లే అని పేర్లు గదా! ఈ రెండింటిని కుదించి, అతికి, జపానీయులు “కొసుప్రె” అన్నారు. రెండు మాటలను కత్తిరించి ఒకటిగా కలపడం ఆ భాషలో పరిపాటి. 1983లో “మై అనిమే” అనే పత్రికలో నొబుయుకి తకహాషి ఈ మాటను ప్రయోగించినాడు. అంతకుముందు అమెరికాలో ఇట్టి వేషాల సభను మాస్కరేడ్ అనేవారు. దానిని జపానీ భాషలోనికి తెస్తే, ప్రభువుల విందులలో జరిగే మారువేషాల వినోదమనే అర్థం స్ఫురిస్తుంది. యువకులు కథలమీది మక్కువతో వేసుకొనే వేషాలకు అట్టి మాట పొసగదని ఆయన తలచినాడు. కొత్త పని పుట్టినప్పుడు పాత మాట చాలదనడానికి ఇదొక మంచి ఉదాహరణ.

మాట జపానుదే ఐనా పని మొదలైనది అమెరికాలో. 1939 జూలైలో న్యూయార్కు నగరంలో వైజ్ఞానిక కల్పనా సాహిత్యాభిమానుల తొలి ప్రపంచ సమ్మేళనం జరిగినది. దానికి ఫారెస్ట్ ఆకర్‌మన్, మర్టిల్ డగ్లస్ అనే ఇద్దరు మిత్రులు భవిష్యత్కాలపు మానవుల వేషాలలో వచ్చినారు. ఆ వేషాలను కల్పించి కుట్టినది డగ్లస్. ఐనప్పటికీ ఈ విద్యకు ఆద్యుడెవరని అడిగితే చాలాకాలం వరకు ఎక్కువమంది చెప్పిన పేరు ఆకర్‌మన్‌ది. ధరించినవాని పేరు నిలిచి, కుట్టిన చేయి మరుగున పడడం ఈ విద్యకు పుట్టుకతోనే వచ్చిన దోషమనవచ్చు. మరుసటి సంవత్సరం, అనగా 1940లో, చికాగోలో జరిగిన సమ్మేళనంలో వేషాల సభ ఒక కార్యక్రమంగా చేరినది.

జపానులో 1963లో ఒసాము తెజుకా సృష్టించిన “ఆస్ట్రో బాయ్” వారం వారం ప్రసారం కావడంతో అనిమే ఇంటింటికీ చేరినది. 1974లో వచ్చిన “స్పేస్ బాటిల్‌షిప్ యమాతో”, 1979లో వచ్చిన “గుండమ్” ధారావాహికలు పెద్దపిల్లలను సైతం ఆకట్టుకొన్నాయి. ఆ మధ్యలోనే, 1975 డిసెంబరు 21న, టోక్యోలో “కామిక్ మార్కెట్” అనే సంత మొదలైనది. తమ చిత్రకథలను తామే అచ్చువేసుకొన్న 32 బృందాలు అందులో పాల్గొన్నాయి. వచ్చిన జనం సుమారు 700 మంది. నేడు అదే సంతకు లక్షలలో జనం వస్తున్నారు. 1978లో హకోనె ప్రాంతంలో ఆషినో సరస్సు వద్ద జరిగిన సమ్మేళనంలో మారి కోతాని ఒక నవల ముఖచిత్రంలోని వేషం ధరించి వచ్చినది. అనంతరకాలంలో ఆమె విమర్శకురాలుగా పేరు పొందినది. ఈ సంతలు, సమ్మేళనాల నడుమనే జపానులో వేషాల అలవాటు స్థిరపడి, తకహాషి పెట్టిన పేరుతో ప్రపంచానికి తిరిగి వెళ్ళినది.

సమ్మేళన స్వరూపం

అమెరికాలో అనిమే అభిమానులు తమకోసం ప్రత్యేకంగా సమ్మేళనాలు పెట్టుకోవడం 1990 ప్రాంతంలో ఊపందుకొన్నది. కాలిఫోర్నియాలో “అనిమే ఎక్స్‌పో” 1992లో మొదలైనది. పెన్సిల్వేనియాలో 1994లో “ఒటాకాన్” మొదలైనప్పుడు హాజరైనవారు 350 మంది. అది 1999లో బాల్టిమోర్‌కు, 2017లో వాషింగ్టన్‌కు తరలినది. దానిని నడిపేవారు జీతం తీసుకొనని స్వచ్ఛంద కార్యకర్తలు కావడం గమనింపదగిన విషయం.

ఇట్టి సమ్మేళనం సాధారణంగా రెండు మూడు రోజులు జరుగుతుంది. మన ఉర్సునో తిరునాళ్ళనో తలచుకొంటే దాని రూపం కొంత బోధపడుతుంది. ఒక విశాలమైన శాలలో పుస్తకాలు, బొమ్మలు అమ్మే దుకాణాలుంటాయి. మరొక వరుసలో చిత్రకారులు తమ బొమ్మలను తామే అమ్ముకొంటారు. కొన్ని గదులలో చిత్రప్రదర్శనలు, కొన్నింటిలో గోష్ఠులు జరుగుతూ ఉంటాయి. పాత్రలకు గొంతునిచ్చిన కళాకారులు అభిమానుల ప్రశ్నలకు సమాధానాలు చెబుతారు. నడవలలో వేషధారులు తిరుగుతూ ఉంటారు. ఒకే కథలోని వేషాలవారు ముందుగా చెప్పుకొన్న వేళకు ఒకచోట చేరి ఛాయాచిత్రాలు తీయించుకొంటారు. ఒకరినొకరు ఎరుగని యాభైమంది, ఒకే కథ చదివినారన్న బంధుత్వంతో, ఒక వరుసలో నిలబడతారు.

వేషాలన్నీ పోటీకి రావు. నడవలో తిరగడానికి వేసుకొనేవి వేరు, వేదికకు సిద్ధం చేసేవి వేరు. మొదటిదానిలో సౌకర్యం ముఖ్యం. రోజంతా నడవాలి, భోజనం చేయాలి, మెట్లెక్కాలి. రెండవది కొద్ది నిమిషాల కోసం నెలల తరబడి చేసే పని.

పోటీ జరిగే విధం

బయటివారు పోటీ అనగానే వేదికమీద జరిగే నడకను, నటనను ఊహించుకొంటారు. చేతిపనిని తూచే పోటీలలో నిజమైన పరీక్ష అంతకు ముందే, ప్రేక్షకులు లేని ఒక గదిలో జరుగుతుంది. పోటీదారు వేషం ధరించి న్యాయనిర్ణేతల ముందు నిలబడతాడు. మూల చిత్రాన్ని, తయారీ దశలను చూపే ఛాయాచిత్రాలను వారికి అందిస్తాడు. ఇచ్చిన కొద్ది నిమిషాలలో, ఏ భాగాన్ని దేనితో ఎట్లా చేసినదీ వివరిస్తాడు. వారు దగ్గరకు వచ్చి చూస్తారు. అనుమతి అడిగి అంచు తిప్పి చూస్తారు. అస్తరు ఉన్నదా, దారాలు వేలాడుతున్నాయా, గుండీలు నిజంగా పనిచేస్తాయా లేక అలంకారానికి అతికించినారా, కవచంలోని అతుకులు మాసిపోయినాయా అని పరిశీలిస్తారు. వెలుపలి సొగసు దూరంనుండి కూడ కనిపిస్తుంది. లోపలి కుట్టు దగ్గరకు వచ్చినవానికే కనిపిస్తుంది. మార్కులు ఎక్కువగా ఈ లోపలి కుట్టుకే పడతాయి.

పెద్ద సమ్మేళనాలలో పోటీదారులను వారి అనుభవాన్ని బట్టి తరగతులుగా విభజించే సంప్రదాయమున్నది. కొత్తవారు కొత్తవారితోను, ఆరితేరినవారు ఆరితేరినవారితోను పోటీపడతారు. మొదటిసారి సూది పట్టినవాడు ఇరవై ఏళ్ళ అనుభవజ్ఞునితో తలపడి నిరుత్సాహపడే అవసరం లేదు. మన వ్యాసరచన, వక్తృత్వ పోటీలలో సైతం ఇట్టి పద్ధతి ఉంటే ఎంత బాగుండును!

ఈ పోటీలలో తలమానికమైనది జపానులోని నగోయాలో జరిగే ప్రపంచ కాస్‌ప్లే సభ. 2003లో ఆరంభమై, 2005లో దేశాలమధ్య పోటీగా మారినది. తొలి విజయం ఇటలీకి, మరుసటి ఏడు బ్రెజిల్‌కు దక్కినాయి. నేడు ముప్పైకి పైగా దేశాలనుండి ప్రతినిధులు వస్తున్నారు. ఈ పోటీలో ఒంటరిగా పాల్గొనే వీలు లేదు. దేశానికి ఇద్దరు జట్టుగా రావాలి. పాత్రలు జపానీ అనిమే, మాంగా, ఆటలు మొదలైనవాటినుండే రావాలి. వేషాలు పోటీదారుల చేతిపని అయి ఉండాలి. ప్రదర్శనకు దొరికేది రెండున్నర నిమిషాలు. ఆ వ్యవధిలో కథ తెలియనివానికి కూడ పాత్రల పరస్పర సంబంధం బోధపడాలి. నూరు పంక్తుల భావాన్ని ఒక్క పద్యంలో ఇమిడ్చే కవికి ఎంత సంయమనం కావాలో ఇక్కడా అంతే కావాలి.

వేదిక వెనుక ఉండే లోకం మరొకటి. నేపథ్యమనే మాటకు తెరవెనుక చోటు అనీ, వేషమనీ సంస్కృతంలో రెండర్థాలున్నాయి. ఆ రెండర్థాలు ఇక్కడ ఒకటవుతాయి. సూదీదారం, పిన్నులు, జిగురు, తుడుచుకొనే గుడ్డలు పట్టుకొని సహాయకులు సిద్ధంగా ఉంటారు. పెద్ద తలపాగానో మృగముఖాన్నో ధరించినవానికి సొంత పాదాలు కనిపించవు. చేయి పట్టుకొని మెట్లు దింపాలి. ముఖంమీది రంగు చెదరకుండ గొట్టంతో నీళ్ళు తాగించాలి. ఈ సహాయకులు లేనిదే పోటీ జరగదు. వీరికి బహుమతి ఉండదు.

ఒక మిత్రబృందం అనుభవం

కొంతకాలం క్రిందట హైదరాబాదులో జరిగిన ఒక సమ్మేళనంలో మా మిత్రులు ముగ్గురు పోటీకి నిలిచినారు. మేము వేషం వేయలేదు; సూదీదారం పట్టుకొని నేపథ్యంలో ఉన్నాము. వారు ఎన్నుకొన్న కథ “డీమన్ స్లేయర్”. కొయొహరు గొతోగె రచించిన ఈ మాంగా 2016 నుండి 2020 వరకు ధారావాహికంగా వెలువడినది. 2019లో అనిమేగా వచ్చినది. రక్కసి దాడిలో కుటుంబాన్ని కోల్పోయిన తంజిరో అనే కుర్రవాడు, తానూ రక్కసిగా మారిపోయిన చెల్లెలిని చంపక, చెక్కపెట్టెలో పెట్టి వీపున మోసుకొంటూ, ఆమెను మళ్ళీ మనిషిగా మార్చే మార్గం కోసం తిరగడం ఇందులో ప్రధానేతివృత్తం.

తంజిరో పైవస్త్రం నలుపు, ఆకుపచ్చ గళ్ళతో ఉంటుంది. దూరం నుండి చూస్తే దీనికన్న తేలికైన వేషం మరొకటి లేదనిపిస్తుంది. అచ్చువేసిన గళ్ళ గుడ్డ బజారులో దొరుకుతుంది. తయారైన వస్త్రమే దొరుకుతుంది. మా మిత్రులు గళ్ళను విడివిడిగా కత్తిరించి కుట్టదలచినారు. నాలుగంగుళాల గడికి, చుట్టూ కుట్టుకోసం అర అంగుళం వదలి, ఐదంగుళాల ముక్క కావాలి. ముందుగా ముక్కలను వరుసలుగా కుట్టాలి. ప్రతి అతుకు వెనుక మిగిలే గుడ్డను నలుపు గడి వైపునకే మడచి ఇస్త్రీ చేయాలి. అప్పుడు ఒక వరుసలో కుడికి మడచిన అతుకు, దాని క్రింది వరుసలో ఎడమకు మడచిన అతుకు ఒకదానికొకటి సరిగా పొసగి, నాలుగు గళ్ళ మూలలు ఒకే బిందువులో కలుస్తాయి. ఏ ఒక్కటి నూలుపోగంత తప్పినా, ఆ తప్పు వరుస వరుసకు పెరిగి, భుజం దగ్గర గడి మెలిక తిరుగుతుంది.

ఈ సంగతి మాకు చెప్పినవారు మా మిత్రులలో ఒకరి తండ్రిగారు. ఆయన నలభై ఏళ్ళుగా దర్జీ. షేర్వానీలు కుట్టడంలో ఆ బజారులో ఆయనకు మంచి పేరున్నది. ఐతే మా మిత్రుడు చదువుకొనే రోజులనుండి తండ్రి వృత్తిని నలుగురిలో చెప్పుకొనేవాడు కాడు. వేషం కారణంగా, చాలా ఏళ్ళ తరువాత, ఆయన దుకాణంలో కూర్చున్నాడు. పెద్దాయన బొమ్మను చూచి, “బేటా, గడి తప్పితే వస్త్రమే తప్పినట్లు. ముందు కచ్చా కుట్టు వేసుకో, మిషను దగ్గరకు తరువాత వద్దువు” అన్నారు. పోటీ నియమం ప్రకారం వేషం కొడుకు చేతిపనియే కావాలి గనుక ఆయన సూది ముట్టలేదు. రెండు నెలలు సాయంకాలాలు ప్రక్కన కూర్చొని, విప్పించి, మళ్ళీ కుట్టించినారు.

తక్కిన ఇద్దరిలో ఒకరిది పసుపు వస్త్రంమీద తెల్లని త్రికోణాలుండే జెనిత్సు వేషం. మరొకరిది అడవిపంది తల ధరించే ఇనొసుకె వేషం. పంది తలను పలుచని ఫోమ్ షీట్లతో చేసి, పైన నూగు గుడ్డ అతికించినారు. తంజిరో పెట్టె చెక్కతో చేస్తే భుజాలు నిలువవు గనుక, అట్టతోను ఫోముతోను చేసి, చెక్క చారలు వచ్చేటట్లు రంగు వేసినారు. ఖడ్గం కూడ అంతే. నాట్యశాస్త్రంలో సైతం రంగంమీదికి లోహపు ఆయుధాలు తగవని, వాటి బరువు నటుని అలయిస్తుందని, తేలికైన కర్ర, గుడ్డ, లక్క, వెదురు వంటివాటితో వస్తువులను చేయాలని చెప్పబడినది. ఆ ఫోము ముక్కలను కోస్తున్నప్పుడు ఈ మాట మాకు పదేపదే గుర్తుకు వచ్చేది. పదార్థం మారినది గాని, సూత్రం మారలేదు.

పోటీనాడు న్యాయనిర్ణేతలు ముగ్గురు. వారిలో ఒకరు పైవస్త్రం అంచు తిప్పి, అస్తరు ఎత్తి, మూలలు కలిసిన చోట వ్రేలితో తడిమి చూచి, “ఇట్లా మడవడం ఎవరు నేర్పినారు?” అని అడిగినారు. మా మిత్రుడు ఒక్క క్షణం ఆగి, “మా నాన్నగారు. ఆయన దర్జీ” అన్నాడు. మేము ఆయనను పదిహేనేళ్ళుగా ఎరుగుదుము. ఆ మాట ఆయన నోట వినడం మాకు అదే మొదటిసారి.

బహుమతి మా బృందానికి రాలేదు. నిలువెత్తు కవచాన్ని ఒంటరిగా నిర్మించిన ఒక ఇంజనీరింగు విద్యార్థినికి వచ్చినది, న్యాయంగానే వచ్చినది. ఆమె కవచంలో ఒక్క అతుకూ మా కంటికి కనిపించలేదు. ఆమె తన పలకలను ఎట్లా వేడిచేసి వంచినదీ మా మిత్రులకు అక్కడే కూర్చొని వివరించినది. జిగురు వాసన తలకెక్కకుండ కిటికీలు తెరచి పనిచేయవలెనని హెచ్చరించినది కూడ. ఓడినవారికి గెలిచినవారు పాఠం చెప్పడం ఈ పోటీలలో తరచుగా కనిపించే ఆచారం.

నియమాలు, మర్యాదలు

ఏ కళకైనా కట్టుబాట్లు అనుభవంనుండి పుడతాయి. 1972లో అమెరికాలో జరిగిన ప్రపంచ సమ్మేళనంలో ఒకతను ఒళ్ళంతా వేరుశనగ వెన్న పూసుకొని వేదికెక్కినాడు. అది తగిలి ఇతరుల విలువైన వేషాలు పాడైనాయి. నాటినుండి అంటుకొనే, కారే పదార్థాలు వేషంలో వాడరాదనే నియమం ఏర్పడినది. నేటికీ దానిని వేరుశనగ వెన్న నియమమనే పిలుస్తారు. అసలైన కత్తులు, తుపాకులు తేరాదు. నకిలీవైనా ప్రవేశద్వారం వద్ద పరీక్షింపబడతాయి. రంగంమీద నిజమైన దెబ్బ తగలరాదని భరతుడు విధించిన నియమం ఇక్కడ ద్వారం దగ్గరనే మొదలవుతుందన్నమాట.

అన్నిటికంటె ముఖ్యమైన మర్యాద ఒకటున్నది. వేషం వేసినంతమాత్రాన మనిషి ప్రదర్శనవస్తువు కాడు. అడగకుండ ఛాయాచిత్రం తీయరాదు, ఒంటిమీద చేయి వేయరాదు. వేషం అనుమతికి గుర్తు కాదని హెచ్చరించే పెద్ద పలకలను 2014లో న్యూయార్కు కామిక్ కాన్ నిర్వాహకులు పెట్టినారు. ముఖ్యంగా యువతులు ఎదుర్కొన్న అవమానాలే అట్టి పలకలను అవసరం చేసినాయి. తమ కుమార్తెలను ఇట్టి సభలకు పంపడానికి సందేహించే తల్లిదండ్రుల భయం నిరాధారమైనది కాదు. ఐతే దానికి మందు పిల్లలను ఇంటిలో ఉంచడం కాదని, మర్యాద తప్పినవానిని సభనుండి వెలుపలికి పంపడమని మా అభిప్రాయం.

రూపాన్ని గూర్చిన మరొక మాట. పాత్రకు తగినంత తెలుపు లేరని, సన్నగా లేరని వేషధారులను గేలిచేసేవారు అన్నిచోట్లా ఉన్నారు. రంగు, ఒడ్డు, పొడవు పాత్రధారణకు అడ్డురావని తెలిసినవారే ఈ విద్య మర్మం ఎరిగినవారు. మలేషియా, ఇండోనేషియా దేశాలలో హిజాబు ధరించే యువతులు, పాత్ర కేశాల రంగు గల వస్త్రాన్నే ఎన్నుకొని, ఆ కేశాల తీరు వచ్చేటట్లు మడచి, చుట్టి, తమ పద్ధతి విడువకుండానే పాత్రను కళ్ళకు కట్టిస్తున్నారు. హద్దు ఉన్నచోట నేర్పు పదునెక్కుతుందనడానికి ఇంతకన్న నిదర్శనం అక్కరలేదు.

మన నేలలో

అనిమే మన దేశానికి నిన్నమొన్న వచ్చినది కాదు. 1993లో దూరదర్శన్ ప్రసారం చేసిన “జంగిల్ బుక్” జపానులో తయారైనదే. దానికి హిందీలో గుల్జార్ వ్రాసిన పాటను పాడుకొన్న బాలురే నేటి తల్లిదండ్రులు. యుగో సాకో, రామ్‌మోహన్ ప్రభృతుల కృషితో 1992లో పూర్తి అయిన జపాను–భారత రామాయణ చిత్రం 2025 జనవరిలో తెలుగు మాటలతో సహా మన చిత్రశాలలకు వచ్చినది. అదే సంవత్సరం సెప్టెంబరులో “డీమన్ స్లేయర్” చిత్రం కూడ తెలుగులో విడుదలైనది. ఢిల్లీలో 2011లో మొదలైన కామిక్ కాన్ 2013లో హైదరాబాదుకు వచ్చినది. నాటినుండి మన యువజనులకు వేదిక దూరభారం తగ్గినది.

వేషం వేయడం మనకు కొత్త కాదు. పగటివేషాలవారు ఇంటింటి ముందు నిలిచి, వేషంతోను మాటతోను ఊరంతటినీ నమ్మించేవారు. పీర్ల పండుగనాడు పులివేషాలు వీధులలో ఆడేవి. నేడు పాఠశాలలలో జరిగే విచిత్ర వేషధారణ పోటీ వాటికి దూరపు బంధువు. ఐతే ఆ పోటీకి తల్లిదండ్రులు దుస్తులను అద్దెకు తెస్తారు. సాయంకాలం తిరిగి ఇచ్చివేస్తారు. పిల్లవానికి మిగిలేది ఒక ఛాయాచిత్రం. పగటివేషగాడు మాత్రం తన రంగు తానే నూరుకొనేవాడు, తన వేషం తానే కట్టుకొనేవాడు. ఈ విషయంలో కాస్‌ప్లే పోటీదారు అతనికే వారసుడు.

దీనిలో లోపాలు లేకపోలేదు. ధనవంతుల పిల్లలు ఖరీదైన వేషాన్ని తెప్పించుకొని నడవలో మెరిసిపోవడం, పేదవాడు ముడుచుకొనిపోవడం జరుగుతున్నది. చదువు మానుకొని దీనికే అంకితమయ్యేవారూ ఉంటారు. అందుకే కొన్న వేషానికీ చేసిన వేషానికీ పోటీలలో భేదం పాటించడం ఎంతో అవసరం. ఆ భేదం తొలగిపోయిననాడు ఇది డబ్బు పోటీ అవుతుంది. పెద్దల ప్రశ్నకు అప్పుడు మనవద్ద సమాధానం ఉండదు.

మన చదువులో తలకు ఇచ్చిన గౌరవం చేతికి ఇవ్వలేదు. బడికి వెళ్ళిన పిల్లవాడు తండ్రి పనిముట్లను ముట్టకపోవడమే ఎదుగుదల అని మనమే నేర్పినాము. దర్జీ, అస్తరు, జేబు అనే మాటలు పారసీ, ఉరుదూల నుండి తెలుగులోనికి వచ్చి మన బట్టలలో భాగమైపోయినాయి. ఆ మాటలతో పాటు వచ్చిన చేతులను మాత్రం మనం వెనుక బల్లలపైనే కూర్చోబెట్టినాము. విద్యార్థి మిత్రులు మున్ముందు ఇట్టి పోటీలకు వెళ్ళదలచినచో తప్పక వెళ్ళవలసినదని మా ప్రోత్సాహం. ఒంటరిగా గాక నలుగురు కలసి వెళ్ళండి. వేషాన్ని కొనకండి, కుట్టండి. మీ ఇంటిలోనో వీధిలోనో కుట్టుపని, వడ్రంగం, అద్దకం, జరీపని తెలిసినవారు ఎవరో ఒకరుంటారు. వారి దగ్గర కూర్చొని నేర్చుకోండి. మీ పని చూచి ఎవరైనా గురువెవరని అడిగితే, వారి పేరు స్పష్టంగా చెప్పండి.